డాబా మీద కార్నివాల్ ఆఫ్ సోల్స్ వేద్దామని, ఏ ప్రింట్ మంచిదో చెప్పండి

ప్రశ్న (టెక్కలి నుంచి):
అన్నలూ చిన్న డౌటు. శనివారం రాత్రి మా డాబా మీద ప్రొజెక్టర్ పెట్టి పదిమందిమి 1962 నాటి ఆ దెయ్యం సినిమా చూద్దామని. ఒకచోట 78 నిమిషాల ప్రింట్ ఉంది, ఇంకోచోట కాస్త పెద్దది. ఏది వెయ్యాలి? కాపీరైట్ గొడవేటైనా ఉంటాదా? మొన్న ఫోన్లో వేస్తే మా బావ ఇరవై నిమిషాలకే గుర్రు పెట్టేశాడు, అదో భయం.

జవాబు (శ్రీకాకుళం):
78 నిమిషాలదే వెయ్యి తమ్ముడూ, పెద్దదాంట్లో తీసేసిన ముక్కలు మళ్ళీ కలిపారు, కొత్తవాళ్ళకి సాగదీతే. కాపీరైట్ అంటావా, అమెరికాలో రిలీజ్ ప్రింట్ మీద నోటీసు వెయ్యకపోడంతో అక్కడ ఎప్పుడో అందరిదీ అయిపోయింది, మన చట్టంలో సినిమాకి 60 ఏళ్ళు కాబట్టి ఇక్కడా 2022తో సరి. టికెట్ పెట్టి ఊరందరికీ వేస్తే మాత్రం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, ఆ పని పెట్టుకోకు.

మీ బావని అనక్కర్లేదులే, అప్పట్లోనే ఎవడూ పట్టించుకోలేదు. దీన్ని తీసిన హెర్క్ హార్వే అంటే అమెరికాలోని కాన్సస్‌లో స్కూళ్ళకీ ఫ్యాక్టరీలకీ పాఠాల సినిమాలు తీసుకునే మనిషి, సుమారు 33 వేల డాలర్లతో మూడు వారాల్లో చుట్టేశాడు, దెయ్యం వేషం కూడా తనే కట్టేశాడు. ఆడలేదు, మళ్ళీ ఇంకో పెద్ద సినిమా తియ్యనేలేదు పాపం. అర్ధరాత్రి టీవీలో చూసినోళ్ళే దాన్ని బతికించారు, 1989లో మళ్ళీ థియేటర్లకొచ్చింది. అమెరికాలోనే యూటాలో ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ సాల్టెయిర్ అనే డాన్సు హాలు చూసి కథ తట్టిందంట ఆయనకి. మీకు నౌపడ ఉప్పు మడులు దగ్గరే కదా, చీకటిపడే వేళ ఆ తెల్ల కుప్పల మధ్య ఒక్కడివే నించో, నీకే తెలుస్తాది.

జవాబు (విజయనగరం):
ఫోన్లో చూస్తే ఎవడికైనా నిద్రొస్తాది బాబూ, ఆ సినిమాలో సగం భయం ఆర్గాన్ వాయిద్యం మోతే. మేం చిన్న బ్లూటూత్ స్పీకర్ పెడితే చెవి దగ్గర దోమలా వినపడింది, తర్వాత షామియానా ఆయన దగ్గర పెద్ద బాక్సు అద్దెకి తెచ్చి వేస్తే మెట్ల మీద కూర్చున్న పిల్లలు కిందకి పరుగు. తెరకి పాత పంచె వద్దు, వెలుగు అవతలకి పోద్ది, రెండు తెల్ల దుప్పట్లు కలిపి కట్టి కింద అంచుకి ఇటుకలు పెట్టండి, లేపోతే గాలికి దెయ్యం మొహం నవ్వినట్టుంటాది. ఇంకోటి, హీరోయిన్ షాపులో ఉండగా సడన్‌గా చుట్టూ శబ్దమంతా పోద్ది. అది సినిమాలోదే! మావాడొకడు బాక్సు పోయిందని వైరు పీకేశాడు, ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవాడు:
థాంక్స్ అన్నా, బాక్సు మాట్లాడేశాను. వైరు దగ్గర మా బావనే కూర్చోబెడతాను, చెప్పనులే.