ఒబామాకేర్ వల్ల సామాన్య అమెరికన్లకు మేలు జరిగిందా, భారం పెరిగిందా?

ప్రశ్న – సీతమ్మధార పాఠకుడు

అందరికీ నమస్కారం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కొందరం విశ్రాంత ఉపాధ్యాయులం అప్పుడప్పుడూ కూడి ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటూ ఉంటాము. ఈసారి అమెరికా ఆరోగ్య సంస్కరణల గురించి నేను ప్రసంగించవలసి ఉంది. 2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం గురించి చదువుతున్నకొద్దీ ఒక చిక్కు నన్ను వదలడం లేదు.

ఒహాయోలో ఉంటున్న మా అబ్బాయికి ఇరుగుపొరుగున ఇద్దరు అమెరికన్లు ఉన్నారు. ఒకరు కార్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తారు, చాలాకాలంగా మధుమేహం ఉంది. ఆ చట్టం లేకపోతే తాను ఈపాటికి బతికి ఉండేవాణ్ణి కానని అంటారట. రెండవవారు భార్యతో కలిసి పన్నుల లెక్కలు చూసే చిన్న కార్యాలయం నడుపుకుంటారు, అరవై ఏళ్ళు దాటాయి. బీమాకు కట్టే ప్రీమియం ఇంటి వాయిదాను మించిపోయిందని, దానికి ఆ చట్టమే కారణమని ఆయన అంటారట. ఇద్దరూ నిజాయతీపరులేనని మా అబ్బాయి గట్టిగా చెబుతున్నాడు. ఒకే చట్టం ఒక ఇంటికి ప్రాణం పోసి, పక్క ఇంటికి మోయలేని బరువు ఎలా అయింది? పార్టీల వాదనలు నాకు అక్కరలేదు. చట్టం ఎలా పనిచేస్తుందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు – రుషికొండ బిల్లింగ్

మాస్టారూ, నేను అమెరికా ఆసుపత్రుల క్లెయిములు చూసే సంస్థలో రాత్రి షిఫ్టులలో పనిచేస్తున్నాను. మీరు చెప్పిన ఇద్దరిలాంటి మనుషుల కాగితాలు నా ముందుకు వస్తూనే ఉంటాయి. ఇద్దరూ చెప్పింది నిజమేనని నా అభిప్రాయం.

ముందుగా గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, దాదాపు సగంమంది అమెరికన్లకు బీమా ఉద్యోగం ద్వారానే వస్తుంది, అరవై అయిదు దాటినవారికి 1965లో చేసిన చట్టం ద్వారా వచ్చిన మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది. వీరి జీవితాలను 2010 చట్టం పెద్దగా కదిలించలేదు. యజమాని బీమా ఇవ్వక, ప్రభుత్వ పథకమూ వర్తించక, సొంతంగా పాలసీ కొనుక్కోవలసినవారి బతుకులనే అది మార్చింది. మీ అబ్బాయి పొరుగువారిద్దరూ ఈ కోవలోనివారే అయి ఉంటారు.

పూర్వం ఇలాంటివారు దరఖాస్తు పెట్టుకుంటే చాలా రాష్ట్రాలలో కంపెనీ ముందు జబ్బుల చిట్టా అడిగేది. మధుమేహం, పాత గుండె ఆపరేషను, ఒక్కోసారి గర్భం కూడా పాలసీ నిరాకరించడానికి తగిన కారణమయ్యేవి. ఇచ్చినా ఆ జబ్బును మినహాయించి ఇచ్చేవారు. 2014 జనవరి నుండి అది కుదరదు. ఉన్న జబ్బును చూపి కాదనడానికీ లేదు, ఎక్కువ వసూలు చేయడానికీ లేదు. వయసును బట్టి తేడా చూపవచ్చుగాని, పెద్దవారి ప్రీమియం యువకుల ప్రీమియానికి మూడింతలు దాటకూడదు. దీనికి తోడు, ఒంటరి మనిషి ఆదాయం పేదరిక రేఖకు 138 శాతం లోపు ఉంటే మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకంలోకి తీసుకున్నారు. ఒహాయో రాష్ట్రం దీనిని అమలు చేసింది. షెడ్డులో పనిచేసే ఆయనకు ఈ రెండు దారులలో ఏదో ఒకటి దొరికి ఉంటుంది. ఇన్సులిన్ మీద బతికే మనిషికి ఇది మాటవరసకు చెప్పే మేలు కాదు.

ఇక రెండవవారి సంగతి. రోగులందరినీ చేర్చుకోవలసి వచ్చినప్పుడు ఆరోగ్యవంతులు కూడా చేరితేనే లెక్క కుదురుతుంది. అందుకే బీమా లేనివారికి జరిమానా పెట్టారు. అయినా యువకులు అనుకున్నంతగా చేరలేదు. పైగా 2017లో చేసిన పన్నుల చట్టం 2019 నుండి ఆ జరిమానాను సున్నా చేసింది. కొత్త పాలసీలలో ప్రసూతి, మానసిక చికిత్స, మందులు అన్నీ ఉండి తీరాలి కనుక ధర కూడా ఆ మేరకు పెరిగింది. 2017 సంవత్సరానికి ప్రామాణిక ప్రీమియం, అంటే ప్రభుత్వ సహాయం లెక్కకు ఆధారంగా తీసుకునే పాలసీ ధర, అరిజోనాలో ఒక్కసారిగా రెట్టింపు దాటింది.

పెరిగిన ధరను చాలామంది తరఫున ప్రభుత్వం పన్ను రాయితీ రూపంలో భరిస్తుంది. అయితే ఆ రాయితీకి చట్టంలో ఒక గీత గీశారు. పేదరిక రేఖకు నాలుగింతల ఆదాయం దాటితే ఒక్క డాలరు కూడా రాదు. 2026 పాలసీలకు ఇద్దరున్న కుటుంబానికి ఆ గీత 84,600 డాలర్లు. దానికి ఒక్క డాలరు ఎక్కువ సంపాదించినా మొత్తం సహాయం పోతుంది. అరవై దాటిన భార్యాభర్తలు, మెడికేర్ వయసు ఇంకా రానివారు, ఈ గీతకు కాస్త పైన ఉంటే, అత్యధిక వయసు ధరను పూర్తిగా తమ జేబులోనుండే కట్టుకోవాలి. 2021లో ఈ గీతను తాత్కాలికంగా చెరిపి, ప్రామాణిక పాలసీకి ఎవరూ ఆదాయంలో 8.5 శాతం మించి కట్టనక్కరలేకుండా చేశారు. ఆ ఏర్పాటును 2025 చివరివరకు పొడిగించారు. 2025 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడడానికి ప్రధానమైన తగవు ఇదే. ఇంకొక పొడిగింపు లేకుండానే ఆ సంవత్సరం ముగిసిపోయింది. లెక్కల కార్యాలయం నడిపే పెద్దాయన బాధకు కారణం ఇక్కడ ఉన్నదని నేను అనుకుంటున్నాను.

జవాబు – మహారాణిపేట వైద్యురాలు

పై వివరణ బాగుంది. ఒక వైద్యురాలిగా నేను ఇంకొక అంశం జోడిస్తాను. ఈ చట్టానికి ముందు అనేక పాలసీలలో జీవితకాల పరిమితి ఉండేది. క్యాన్సరు వచ్చిన బిడ్డ చికిత్స మధ్యలో ఉండగానే బీమా సొమ్ము ఖర్చయిపోయి, మిగిలినది తల్లిదండ్రుల మీద పడేది. ఆ పరిమితిని రద్దు చేయడం, పిల్లలను 26 ఏళ్ళు వచ్చేవరకు తల్లిదండ్రుల పాలసీలో ఉంచుకోనివ్వడం ఉద్యోగ బీమా ఉన్నవారికి కూడా అందిన మేళ్ళు. రుషికొండవారు వారి జీవితాలు పెద్దగా కదలలేదన్నారు, ఈ రెండింటి విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను.

మన ఆరోగ్యశ్రీతో పోల్చి చెబితే శ్రోతలకు సులభంగా అర్థమవుతుందని మీకు అనిపించవచ్చు. కాని జాగ్రత్తగా పోల్చండి. 2007లో మొదలైన ఆ పథకంలో పేద రోగి తరఫున ప్రభుత్వమే జాబితాలోని చికిత్సలకు ఆసుపత్రికి చెల్లిస్తుంది. అమెరికా చట్టం ప్రైవేటు బీమా కంపెనీలను అలాగే ఉంచి, వాటికి నియమాలు పెట్టి, కొనేవారికి సహాయం చేస్తుంది. అదీగాక, బీమా లేనివారికి కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి మన జిల్లాలలో ఉన్నట్లు అక్కడ ప్రతి ఊరికీ అందుబాటులో ఉండదు.

జవాబు – గాజువాక నుండి

మా చెల్లెలి కుటుంబం టెక్సాస్‌లో ఉంటుంది. మాస్టారు గారూ, మీ ప్రసంగంలో ఆ రాష్ట్రం గురించి తప్పక చెప్పండి. చట్టం రాసినవారు పేదలందరినీ మెడికెయిడ్ చూసుకుంటుందని భావించి, పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి బీమా కొనుక్కునే రాయితీ పెట్టలేదు. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టమని తీర్పు ఇచ్చింది. టెక్సాస్, ఫ్లోరిడా వంటివి నేటికీ విస్తరించలేదు. దాని ఫలితంగా, పిల్లలు లేని ఒక నిరుపేద టెక్సాస్‌లో మెడికెయిడ్‌కూ అర్హుడు కాడు, రాయితీకీ అర్హుడు కాడు. అతనికంటే కాస్త ఎక్కువ సంపాదించేవాడికి మాత్రం సహాయం అందుతుంది. పేదవాడిని పేదరికమే అనర్హుడిని చేసిన ఈ ఖాళీని చూస్తే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు. ఒహాయోలో బతికి బయటపడిన ఆ మధుమేహ రోగి టెక్సాస్‌లో ఉండి ఉంటే ఏమయ్యేవాడో ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు – సీతమ్మధార పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నా చిక్కు చాలావరకు విడిపోయింది. ఇంకొక్కటి అడుగుతాను. బీమా చేతికి వచ్చినవారికైనా ఆసుపత్రి ఖర్చు భయం పోయిందా?

జవాబు – రుషికొండ బిల్లింగ్

ముందుగా, డాక్టరమ్మ గారి సవరణ సబబైనది, అంగీకరిస్తున్నాను.

మాస్టారూ, భయం తగ్గింది, పోలేదు. బీమా లేనివారు 2010లో జనాభాలో సుమారు 16 శాతం ఉండేవారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య దాదాపు సగానికి దిగింది. ఇది ఈ చట్టం సాధించిన పెద్ద పని. కాని చికిత్స ధరను ఈ చట్టం పెద్దగా ముట్టుకోలేదు. ఆ దేశం తన ఆదాయంలో అప్పుడూ ఇప్పుడూ రమారమి 17 శాతం ఆరోగ్యానికే ఖర్చు చేస్తున్నది.

చవకగా దొరికే బ్రాంజ్ పాలసీ సగటున 60 శాతం ఖర్చునే భరిస్తుంది. ముందు డిడక్టిబుల్ అనే మొత్తం రోగి తానే కట్టుకోవాలి, ఆ తరువాతే కంపెనీ చెల్లించడం మొదలుపెడుతుంది. నివారణ పరీక్షలు, టీకాలు మాత్రం దీనితో సంబంధం లేకుండా ఉచితం. 2025లో ఒక మనిషి సంవత్సరంలో తన చేతినుండి కట్టవలసిన గరిష్ఠ మొత్తం 9,200 డాలర్లు. పెద్ద జబ్బు చేసినప్పుడు ఈ హద్దు ఇల్లు అమ్ముకోకుండా కాపాడుతుంది. కాని గంటకు పదిహేను డాలర్లు సంపాదించే మనిషికి అది సుమారు మూడున్నర నెలల జీతం. అందుకే బీమా కార్డు జేబులో ఉండి కూడా స్కానింగు వాయిదా వేసుకునేవారు కనిపిస్తారు.

నెట్‌వర్క్‌లో లేని, అంటే రోగి బీమా కంపెనీతో ఒప్పందం లేని, వైద్యుడు అత్యవసర చికిత్సలో పాల్గొని విడిగా పంపే పెద్ద బిల్లులను 2022 జనవరి నుండి అమలైన వేరొక చట్టం చాలావరకు ఆపింది. రోడ్డు మీద నడిచే అంబులెన్సులను మాత్రం అందులో చేర్చలేదు. మన 108కి ఫోను చేసినట్లు అక్కడ అంబులెన్సును పిలిచి, వారాల తరువాత వచ్చే బిల్లు చూసి బెంబేలెత్తేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ అబ్బాయి కుటుంబం కూడా తమ పాలసీలో ఈ ఒక్క అంశం ఎలా ఉన్నదో చూసి పెట్టుకోవడం మంచిది.