గులాబీ పురుగు బీటీకి లొంగడం లేదు: తప్పు రైతుదేనా?

తార్నాక: బీటీ పత్తి అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా బ్యాక్టీరియా జన్యువు పెట్టిన పత్తి కదా, కాయ తొలిచే గులాబీ పురుగు ఇప్పుడు దానికీ చావడం లేదట. మా ఆఫీసులో దీని మీద పెద్ద వాదన. "నాన్‌బీటీ ప్యాకెట్ గట్టున పారేసింది రైతులే కదా, ఇప్పుడు పురుగని ఏడిస్తే ఎలా" అంటాడు మా వాడు. మీరేమంటారు?

రాజేంద్రనగర్ సీనియర్: పారేసిన మాట నిజమే. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ ఇచ్చేవారు, చేను చుట్టూ సాళ్లు వేయమని. బీటీ విషాన్ని తట్టుకునే పురుగు మొదట్లో ఎక్కడో ఒకటి ఉంటుంది. నాన్‌బీటీ మీద పెరిగిన మామూలు పురుగుతో అది జతకడితే, పిల్లలకు తట్టుకునే శక్తి చాలదు, బీటీ కాయ తిని చస్తాయి. మామూలు పురుగులే కరువైతే తట్టుకున్నవి వాటిలో అవే కలుస్తాయి. 2002లో ఒక్క జన్యువుతో బీటీ వచ్చింది. గుజరాత్‌లో దానికి పురుగు లొంగడం లేదని 2010లో ఆ బీటీని తెచ్చిన కంపెనీ మోన్‌శాంటోయే చెప్పింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీజీ-2 కూడా తర్వాత అదే దారి పట్టింది. అరిజోనాలో నాన్‌బీటీ పత్తి సరిగ్గా వేశారు, ఆపైన పిల్లలు పుట్టని పురుగులను విమానాల నుంచి వదిలారు. 2018లో అమెరికా ఆ పీడ వదిలిందని ప్రకటించుకుంది.

నల్లగొండ పత్తి: అన్నా, అరిజోనా కమతాలెక్కడ, మా మూడెకరాలెక్కడ! పురుగు మేత కోసం సాళ్లు వదలమంటే ఎవరు వదులుతారు? పైగా ఆ ప్యాకెట్‌లో గింజ సరిగ్గా మొలిచేది కాదు.

మేడ్చల్: విత్తనం సంగతి ఎవరూ ఎత్తరేం? మన దగ్గర అంతా హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి చేసిన విత్తనం. దాని కాయలో గింజలన్నీ ఒక్క తీరుగా ఉండవు: కొన్నిట్లో రెండు విషాలు, కొన్నిట్లో ఒకటే, కొన్నిట్లో ఏదీ లేదు. గులాబీ పురుగు తినేదే గింజ. ఒక గింజ నుంచి ఇంకో గింజకు పాకుతూ అరకొర విషం తిని బతికేస్తుంది. ఇంతకన్నా మంచి ట్రైనింగ్ సెంటర్ దానికి దొరకదు! పచ్చపురుగైతే కంది, శనగ, మిరప కూడా తింటుంది, కాబట్టి మామూలు పురుగులు ఆ చేలలో మిగులుతాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

రాజేంద్రనగర్ సీనియర్: హైబ్రిడ్ మాట ఒప్పుకుంటా. కానీ నీళ్లున్నాయని ఫిబ్రవరి, మార్చి దాకా పత్తి ఉంచితే పురుగుకు ఇంకో తరం మేత పెట్టినట్టే. డిసెంబర్‌లో కట్టె పీకెయ్యాలి.

నల్లగొండ పత్తి: సరే, పీకేస్తా. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల్లో పత్తి కుప్పలు ఎండాకాలం దాకా ఉంటాయి. అక్కడ లేచే రెక్కల పురుగును ఎవరు ఆపుతారు?