అదే పొట్టేలు దాని బిడ్డలను దాటితే పిల్లలు బలహీనంగ పుడ్తయా?

దేవరకొండ_జీవాలు:
అన్నలకు నమస్తే. మాది దేవరకొండ దిక్కు, నెల్లూరు జుడిపి గొర్లు. పొట్టేలు ఒక్కటే, మంచి పొడుగు ఉంటది, అందుకే ఎవ్వలు అడిగినా ఇయ్యలే. ఇప్పుడు దాని బిడ్డలే పెద్దగై తొలిచూలు ఈన్తున్నయ్, వాటిని గూడ ఇదే దాటింది. ఈసారి పిల్లలు చిన్నగున్నయ్, రెండిటికైతే కింది దవడ కురచగుంది, నోట్లె వేలు పెట్టి చూస్తే కింది పండ్లు పై చిగురుకు అందుతలేవు, పాలు సక్కగ గుంజుతలేవు. కొన్ని గొర్లకు దాటినా చూలు నిలుస్తలేదు. నాయిన మేత తక్కువైందంటడు, పక్కోల్లు దిష్టి అంటున్నరు. ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తంల దాటుడు) అంటే ఇదేనా? జర చెప్పుండ్రి.

పాలమూరు_పశువైద్యం:
తమ్మీ ముందుగాల ఆ పిల్లల ఫోటో పెట్టు. పిల్లలు చిన్నగ పుట్టుడుకు ఇన్‌బ్రీడింగ్ ఒక్కటే కారణం కాదు, చూలు గొర్రెకు ఆఖరి నెలన్నర మేత చాలకున్నా నట్టలున్నా అట్లనే పుడ్తయ్. చూలు నిలవకపోతే బ్రూసెల్లాకు (చూలు పోగొట్టే అంటురోగం) రక్తం గూడ చూపించు. దవడ కురచ మాత్రం చానామట్టుకు రక్తంలకెల్లి వచ్చేదే.

ఎట్లైతదంటే ప్రతి జీన్‌కు (తల్లిదండ్రులకెల్లి గుణాలు తెచ్చేది) రెండు కాపీలుంటయ్, తల్లిది ఒకటి తండ్రిది ఒకటి, చానా జీన్లల్ల ఒకటి చెడ్డదైనా రెండోది మంచిదైతే జీవం పైకి మంచిగనే కనవడ్తది, మీ పొట్టేలు లెక్క. దాంట్ల గసుంటి చెడ్డ కాపీ ఒకటి దాగి ఉందనుకో, బిడ్డలల్ల సగానికి పోతది, తల్లికెల్లి మంచి కాపీ వస్తది కాబట్టి బిడ్డలు గూడ మంచిగనే ఉంటయ్. మళ్ల అదే పొట్టేలు ఆ బిడ్డలను దాటితే ఎనిమిది పిల్లలల్ల ఒకదానికి రెండు కాపీలూ చెడ్డవే వస్తయ్, అప్పుడు లోపం బయటపడ్తది. ఇన్‌బ్రీడింగ్ కొత్తగ రోగం పుట్టించదు, దాగి ఉన్నదాన్ని జంట చేస్తది గంతే. ఇగ పైకి కనవడని చిన్నచిన్న లోపాలన్ని జమైతే పుట్టినప్పటి బరువు తగ్గుతది, పిల్లలు ఎక్కువ సస్తయ్, చూలు నిలవదు, రోగానికి తట్టుకోవు.

మక్తల్_కుర్మ:
మా తాతల కాలం సంది ఇంట్ల పుట్టిన పొట్టేలునే ఇడుస్తున్నం, ఏం కాలే. సంతల కొన్నదానికి ఏ రోగముందో ఎవనికెరుక, మా ఊర్ల ఒకలు సంతకెల్లి తెచ్చినంక మంద మొత్తానికి గాలికుంటు తగిలింది. తెలిసిన రక్తమే మేలు.

పాలమూరు_పశువైద్యం:
పెద్దనాయినా మీ మాటల నిజముంది, కొన్న జీవాన్ని మూడు వారాలు మందల కలపకుండ వేరే కట్టేయాలె, పీపీఆర్ (గొర్లు, మేకలకొచ్చే అంటురోగం) టీకా ఏపియ్యాలె. కని మీ తాతల మందలు వేరు. వందల జీవాలు, ఎండకాలం నాలుగైదు ఇండ్ల మందలు కలిసి నల్లమల దిక్కు, కృష్ణ ఒడ్డుకు వలస పోతుండె, ఒకల పొట్టేలు ఇంకొకల గొర్లను దాటుతుండె, బలం లేని పిల్లలు తొవ్వలనే పోతుండె. ఇప్పుడు 20 గొర్లకు ఒక పొట్టేలు, 2017ల మొదలైన సర్కారు గొర్రెల పథకంల ఒక్కొక్కలకు ఇచ్చిన యూనిట్ గూడ అంతే ఉండె, దాటనీకి ఒకటి సరిపోతది, తప్పేం లేదు. దాన్ని మార్చకపోతేనే కష్టం. లెక్క చూడుండ్రి, మగవాటిని ఆడవాటితోని గుణించి, దాన్ని మళ్ల నాలుగుతోని గుణించి, మొత్తం జీవాలతోని భాగిస్తే 80 బై 21, నాలుగు గూడ రాదు. కొట్టంల 21 ఉన్నా రక్తం లెక్కల అది నాలుగు జీవాల మందనే, బయట రక్తం రాకపోతే తరానికి 13 శాతం ఇన్‌బ్రీడింగ్ ఎక్కుతది, తరానికి 1 శాతం దాటొద్దంటరు. ఈ శాతం అంటే ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకునికెల్లి వచ్చే అవకాశం.

నల్లగొండ_టీచర్:
ఇది చదివినంక ఊకుండబుద్ధి కాలే. తండ్రి బిడ్డను దాటితే పుట్టేదానికి ఈ లెక్క 25 శాతం, తల్లులు వేరై తండ్రి ఒక్కటైన జీవాలు కలిస్తే 12.5. మనుషులల్ల మేనమామ మేనకోడలు పెండ్లికి గూడ 12.5, బావమరదళ్లకు 6.25. స్పెయిన్ రాజు రెండో చార్లెస్ ఉండె, వాళ్ల నాయిన సొంత మేనకోడలినే చేసుకున్నడు, పై తరాలల్ల గూడ దగ్గరి పెండ్లిల్లే, అన్ని కలిసి ఆయనకు 25 శాతం దాక వచ్చింది, పిల్లలు లేకుండనే 1700ల 38 ఏండ్లకు సచ్చిపోయిండు. మేనరికం చేసుకున్నోల్ల పిల్లలు ఎక్కువమంది ఆరోగ్యంగనే ఉంటరు, భయపెట్టనీకి చెప్తలేను. ఇంట్ల పుట్టు చెవుడో తలసేమియానో (పుట్టుకతోని వచ్చే రక్తం రోగం) ఉంటే మాత్రం దాచిపెట్టకుండ్రి, పెండ్లికి ముందుగాల్నే హైదరాబాద్‌ల నిమ్స్ దవాఖాన జెనెటిక్స్ (రక్తంలకెల్లి వచ్చే రోగాలు చూసే) డాక్టర్లను కలువుండ్రి. పిల్లకు ఏదన్న అయితే కోడలినే అంటరు, అది చానా అన్యాయం, ఇసుంటి రోగం తల్లికెల్లి ఒక కాపీ తండ్రికెల్లి ఒక కాపీ వస్తేనే వస్తది.

దేవరకొండ_జీవాలు:
ఫోటో పెట్టిన. పొట్టేలును వేరే ఊరోల్లకు విత్తనానికి అమ్మితే మంచి ధర వస్తది, అమ్మాల్నా? బిడ్డలను గూడ తీసేయాల్నా?

పాలమూరు_పశువైద్యం:
ఫోటో చూసిన, రెండిటికీ దవడ లోపమే. విత్తనానికి అస్సలు అమ్మకు, ఆ చెడ్డ కాపీ ఇంకో ఊరి మందల పడ్తది, కోతకే ఇయ్యి. మగ పిల్లలకు మూడు నెలల లోపట బీజాలు నొక్కించు, ఇగ దాటనీకి రావు. బిడ్డలను ఉంచుకో, సంబంధం లేని పొట్టేలు దాటితే పుట్టే పిల్లలకు ఇన్‌బ్రీడింగ్ ఒక్క తరంలనే పోతది. చెవులకు ట్యాగులేసి ఏ పిల్ల ఏ పొట్టేలుదో రాసి పెట్టు, ఏడాదిన్నరకు, బిడ్డలు ఎదకు రాకముందే పొట్టేలును మార్చు. పక్క ఊర్ల కొంటే అది నీ పొట్టేలు కొడుకే కావొచ్చు, అడిగి తెలుసుకో, లేకపోతే పెబ్బేరు సంత దాక పోయినా మంచిదే. కొనేటప్పుడు నోరు తెరిచి కింది పండ్లు చిగురుకు సరిగ్గ ఆనుతున్నయా చూడు, రెండు బీజాలు సమానంగ దిగినయా చేత్తోని పట్టి చూడు.