మా ఊరి యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూల్లో పిల్లలు తగ్గిపోతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న:
మా ఊరి బడిలో ఈసారి 6,7,8 కలిపి 30 మంది కూడా లేరు, అందులో ఆడపిల్లలే ఎక్కువ, ఎందుకంటే మగపిల్లాడ్ని ప్రైవేటు బస్సెక్కించి ఆడపిల్లని ఇక్కడే ఉంచుతున్నారు, చూస్తుంటే బాధేస్తోంది. ఇలాగైతే బడి ఎత్తేస్తారా?

రిప్లై:
టీచర్‌గా చెప్తున్నా అక్కా, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6-8కి 35 మందికి ఒక టీచర్ ఉండాలి, లెక్కలు-సైన్స్‌కి, సోషల్‌కి, భాషలకి కనీసం ఒక్కొక్కరు. కానీ పిల్లలు తగ్గితే సర్దుబాటు పేరుతో టీచర్ని పక్క ఊరికి పంపేస్తారు, టీచర్ లేడని ఉన్నోళ్లూ వెళ్లిపోతారు. అసలు దెబ్బ అక్కడే.

రిప్లై:
మా దగ్గరైతే నాలుగో తరగతిలోనే గురుకులం ఎంట్రన్స్ రాయిస్తారు, సీటొస్తే అటే. జూన్‌లో పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట దాకా ఆగకండి, ఏప్రిల్లోనే ఐదో తరగతి పిల్లల ఇళ్లకి సార్లతో కలిసి వెళ్లండి.

ప్రశ్న అడిగినవాళ్లు:
థాంక్స్ అన్నా, రేపే హెచ్ఎం సార్‌తో మాట్లాడతా.