‘పాసవుట్ అయ్యాను’ అంటే ఇంగ్లీషులో తప్పా?

విజయవాడ ఇంగ్లీష్ టీచర్:
మా డిగ్రీ పిల్లల రెజ్యూమేలు దిద్దుతున్నాను. సగానికి పైగా ‘ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2023’ అనే రాశారు. అన్నీ కొట్టేసి ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయించాను. మా స్టాఫ్ రూములో ఒకాయన ఒప్పుకోలేదు. ‘మనందరం ఏళ్ల తరబడి అంటున్న మాటే కదా, తప్పెట్లా అవుతుంది?’ అన్నారు. బయటి దేశంలో ఆ మాట వింటే ముందు తట్టేది సొమ్మసిల్లి పడిపోవడమే. అందుకే తప్పంటాను. మీరేమంటారు?

డల్లాస్ తెలుగు:
టీచరు గారితో నేను ఏకీభవిస్తాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఆవిడ క్లినిక్‌లో మాటల మధ్య ‘2018లో పాస్‌డ్ అవుట్’ అంది. తలకి దెబ్బ తగిలిందా, మళ్లీ ఎప్పుడైనా అలా అయిందా అని నర్సు కంగారుగా అడగడం మొదలుపెట్టింది. చదువు సంగతని అర్థమయ్యేలా చెప్పేసరికి ఐదు నిమిషాలు పట్టింది. మందుల విషయంలో ఇలాంటి పొరపాటు జరిగితే? తేలిగ్గా తీసుకునే విషయం కాదండీ.

మాజీ జవాన్, శ్రీకాకుళం:
డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగిశాక జరిగేది పాసింగ్ అవుట్ పరేడ్. కవాతు అయ్యాక ‘అంతిమ్ పగ్’ అనే మెట్టు దాటితే ఆఫీసర్ అయినట్టు. బ్రిటిష్ సైన్యంలోనూ ఇదే మాట. అక్కడ లేని తప్పు మన కాలేజీ పిల్లాడి నోట్లో ఎలా వచ్చింది?

విజయవాడ ఇంగ్లీష్ టీచర్:
సైనిక శిక్షణ వరకు ఒప్పుకుంటానండీ, నిఘంటువుల్లోనూ ఆ అర్థం ఉంది. కాలేజీ చదువుకు వాడేది మాత్రం ఎక్కువగా మన దేశం వైపే. అయినా దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో జరిగేదాన్ని కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ అనే అంటారు కదా.

కరీంనగర్ పోరడు:
టీచరమ్మా, ఒక్క మాట. మా దిక్కు ‘నాయిన ఊరికి పోయిండు’ అంటే ఊరికి వెళ్లిండని. ‘నాన్న పోయారు’ అంటే మీ కోస్తాలో ఏడుపులు మొదలైతయి. అట్లని మా ‘పోవుడు’ తప్పయితదా? మీ దగ్గరికొచ్చినప్పుడు మేం చూసుకొని మాట్లాడుతం, గంతే. పాసవుట్ కూడా గట్లనే. హైదరాబాద్ కంపెనీ వాళ్లు ‘2024 పాసవుట్స్ అప్లై చేసుకోవచ్చు’ అని ఏస్తే అర్థం కాని పిల్లగాడు ఒక్కడున్నడా? మన మాటను మనమే తప్పని కొట్టేసుకునుడు నాకు బాధనిపిస్తది.

వ్యాకరణం ఇష్టం:
ఈ క్రియకి ఇంకో అర్థం కూడా ఉంది, కాగితాలు పంచడం. ఆ అర్థంలో రెండు ముక్కల మధ్య వస్తువు పేరు పెట్టొచ్చు: ‘పాస్ ద పేపర్స్ అవుట్’. సొమ్మసిల్లడంలో, చదువు ముగించడంలో కర్మే ఉండదు, కాబట్టి విడదీసే ప్రసక్తే రాదు. ఆ రెంటికీ వాక్యనిర్మాణం ఒకటే, అందుకే ఇంత తికమక.

ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, కర్నూలు:
అసలు సమస్య మీ దిద్దుబాటులోనే ఉంది మేడమ్. ‘గ్రాడ్యుయేటెడ్’ అనే మాట అమెరికాలో హైస్కూలుకీ చెల్లుతుంది, మన దగ్గర గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ ఉన్నవాడే. మా ఫిట్టర్ ట్రేడ్ పిల్లాడు అలా రాసుకుంటే లేని డిగ్రీ ఉందని చెప్పుకున్నట్టు అవుతుంది, ఇంటర్వ్యూలో నిలదీస్తారు. ఇక ‘పాస్‌డ్’ అని ఊరుకుంటే ఒక పరీక్ష గట్టెక్కాడనే తెలుస్తుంది, కోర్సంతా ముగించి బయటికొచ్చాడని తెలియదు. ఆ ‘అవుట్’ ఊరికే రాలేదు, మనకి ఆ అవసరం ఉంది.

విజయవాడ ఇంగ్లీష్ టీచర్:
ఇది నాకు తట్టలేదండీ. మా కాలేజీకి డిప్లొమా చేసి వచ్చిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకి రేపే ‘కంప్లీటెడ్ మై డిప్లొమా’ అని మార్పిస్తాను. బయటి దేశాలకి పంపే రెజ్యూమేల్లో పాసవుట్ మాత్రం ఉండనివ్వను.

కరీంనగర్ పోరడు:
బయటికి పంపేటియి దిద్దుండ్రి, మంచిదే. హైదరాబాద్‌కి పంపేటియి ఎందుకు కొట్టేసిండ్రు?