ఫ్రిజ్‌లు వచ్చాక కూడా ఈ వింత వంటలు అవసరమా? సంప్రదాయమా, కరువు తిండా?

కావలి_మాస్టారు:
ప్రపంచంలోని వింత వంటకాలంటూ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఐస్‌లాండ్‌లో సొరచేపను గుంటలో పాతిపెట్టి, వారాల తర్వాత తీసి, నెలల తరబడి ఆరగట్టి తింటారు. హాకర్ల్ అంటారు దాన్ని. ఇటలీలోని సార్డీనియా దీవిలో గొర్రెపాల చీజ్‌లో ఈగ పురుగుల్ని పెరగనిచ్చి, పురుగులతో సహా తింటారు. దాని అమ్మకం మీద నిషేధం ఉంది. స్వీడన్‌లో హెర్రింగ్ చేపల్ని పులియబెట్టి డబ్బాలో పెడితే, లోపల గ్యాసు పుట్టి డబ్బా ఉబ్బుతుంది. సుర్‌స్ట్రోమింగ్ అని పేరు. ఇవన్నీ నిలవ చేసుకునే దారి లేక తిన్న తిండి. ఇప్పుడు ఇంటింటికీ ఫ్రిజ్ ఉంది. ఇంకా సంప్రదాయమని మోయాలా? అక్కర్లేదని నా అభిప్రాయం.

మైపాడు_కెరటం:
మాస్టారూ, మాది చేపల వేటకెళ్ళే కుటుంబం. సొర సంగతి నాకు తెలుసు. దాని కండలోనే యూరియా ఉంటుంది. చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది. అందుకే రోజు దాటిన సొర దగ్గర నిలబడలేం. ఐస్‌లాండ్ వాళ్ళు వాడే గ్రీన్‌లాండ్ సొర ఇంకా కష్టం, పచ్చిగా తింటే విషం. పాతిపెట్టి, పైన బరువు పెట్టి, నీరంతా కారనిచ్చి, గాలికి ఆరగడితే గానీ తినడానికి పనికి రాదు. ఫ్రిజ్‌లో పెడితే ఆ విషం పోదు కదా. మరి ఫ్రిజ్ వచ్చిందని ఎట్టా మానేస్తారు?
మన దగ్గర సొరను ఉడికించి, తోలు తీసి, నీళ్ళు గట్టిగా పిండి, పొడి పొడిగా చేసి అల్లం వెల్లుల్లితో వేయిస్తాం. బాలింతకు పాలు పడతాయని పెద్దవాళ్ళు అదే పెడతారు. దీన్ని గతిలేని తిండి అంటే నేను ఒప్పుకోను.

కనిగిరి_మెట్ట:
మా వైపు తొలకరి వానకు ఉసిళ్ళు లేస్తే దీపం పెట్టి పట్టేవాళ్ళం. రెక్కలు రాల్చి, వేయించి, వేయించిన బియ్యంలో కలుపుకుని తింటే ఆ రుచే వేరు. సార్డీనియా వాళ్ళని వింత అనే హక్కు నాకైతే లేదు.

ఒంగోలు_ట్రంక్‌రోడ్డు:
ఒడిశా మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) వచ్చింది. గమనించగలరు.

కావలి_మాస్టారు:
ఆ వంటల్లో తెలివి ఉండొచ్చు అమ్మా, నేను కాదనను. పక్కవాళ్ళ సంగతేంటి? జర్మనీలో కొలోన్ కోర్టుకు 1980లలో ఒక కేసు వచ్చింది. అద్దెకున్న మనిషి ఆ స్వీడన్ చేప నీళ్ళు మెట్ల మీద పోశాడని యజమాని ఖాళీ చేయించాడు. యజమాని తరఫు వాళ్ళు కోర్టు హాల్లోనే ఒక డబ్బా తెరిచి చూపించారు. ఆ కంపు తోటి కాపురాలు భరించే హద్దు దాటిందని కోర్టు యజమాని పక్షానే తీర్పిచ్చింది. 2006లో ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా ఆ డబ్బాలు విమానంలోకి తేవద్దన్నాయి. ఎవరి తిండి వాళ్ళదే, కానీ దాని వాసన నలుగురూ పీల్చాలి.

మైపాడు_కెరటం:
మీరే రాశారు, మెట్ల మీద *పోశాడు* అని. వండుకున్నందుకు కాదు. విమానాల వాళ్ళు వద్దన్నది ఉబ్బిన డబ్బా పగులుతుందేమోనని, వాసనకి కాదు. స్వీడన్ వాళ్ళు కూడా ఆ డబ్బాను ఆరుబయటే తెరుస్తారు. పక్కవాళ్ళని చూసుకోవడం వాళ్ళకీ తెలుసు.

కావలి_మాస్టారు:
పోశాడా, వండాడా అన్నది కాదు. వాసన హద్దు దాటితే యజమానికి హక్కు ఉందని తీర్పు.

మైపాడు_కెరటం:
పోశాడా, వండాడా అన్నదే తీర్పు. కావాలని పోసిన మనిషినీ, పొయ్యి మీద కూర పెట్టుకున్న మనిషినీ ఒక్కటి చేయకండి.

సింగరాయకొండ_వంతెన:
ఎండు నెత్తళ్ళు, వంకాయ, కాస్త మామిడికాయ. దీన్ని వాసన అంటారా ఎవరైనా!

కావలి_మాస్టారు:
అంటారు. మా పైపోర్షన్‌లో ఒక కాపురం ఉండేది. వాళ్ళు ఉప్పుచేప కాలిస్తే మా ఆవిడకు ఆయాసం వచ్చేది. ఎన్నోసార్లు చెప్పాను. చివరికి ఖాళీ చేయమన్నాను. ఊరంతా నన్నే తప్పుపట్టింది. ఆ బాధ పడినవాడికే తెలుస్తుంది.

మైపాడు_కెరటం:
సరే, నా బాధ కూడా వినండి. ఆయాసం ఉందంటే మేం కాల్చం, డాబా మీదకు పోయి కాలుస్తాం. మనిషన్నాక ఆ మాత్రం చేస్తాం. నెల్లూరులో పిల్లల చదువుకని ఇల్లు వెతికాం. గేటు దగ్గర మొదటి ప్రశ్న "ఏం తింటారు" కాదు, "మీరు ఎవరోళ్ళు?" అని. చెప్పాక, అప్పుడు వాసన గుర్తొచ్చింది ఆ యజమానికి. ఆ ఇంట్లోనే ఆదివారం వేటమాంసం వండుతారు, చేపల పులుసు వండుతారు. పులుసు వాసన నెల్లూరికి పేరు తెచ్చిందట, అదే చేప ఎండితే ఇల్లివ్వరట! స్వీడన్ డబ్బా తిని వాంతి చేసుకున్నవాణ్ణి వీడియోలో లైకు కొట్టి చూస్తారు. ఎండుచేపల గంప ఎత్తుకుని బస్సెక్కిన మా అత్తను మాత్రం కండక్టరు దించేస్తాడు. మీరు కొలోన్ దాకా ఎందుకు పోయారో నాకు అర్థమైంది.

కావలి_మాస్టారు:
ఇది అన్యాయం. నేను తిండి గురించి అడిగితే మీరు నన్ను కులపిచ్చి ఉన్నవాణ్ణి చేస్తున్నారు. ముప్పై ఏళ్ళు అన్ని కులాల పిల్లలకూ పాఠం చెప్పాను. స్వీడన్ వాడు వచ్చినా నా పోర్షన్ ఇవ్వను.

కనిగిరి_మెట్ట:
మాస్టారూ, కోపం వద్దు. ఒక్కటే అడుగుతా. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళని మీరు మొదట ఏం అడుగుతారు?

కావలి_మాస్టారు:
ఎవరోళ్ళు అని అడుగుతాను. అందరూ అడుగుతారు. మనం కలిసి ఉండాల్సిన మనుషులు, ఎట్టాంటివాళ్ళో తెలుసుకోవాలి కదా. దానికీ వాసనకీ ముడిపెట్టకండి.

దర్గామిట్ట_వాసి:
ముడి మీరే పెట్టారు మాస్టారూ. కొలోన్ కేసు తెచ్చిన మీ పోస్టు మళ్ళీ చదవండి.

మైపాడు_కెరటం:
మీ ఇంటావిడ ఆయాసం నిజం, దానికి నేను తలవంచుతా. ఇంట్లో ఎండుచేప కాల్చకూడదని అద్దె కాగితంలో రాయండి, నేను సంతకం పెడతా. "ఎవరోళ్ళు" అని అడగడం మానేస్తానని మీరు అదే కాగితంలో రాసి సంతకం పెట్టండి.