ఊరి ఆర్చి మీద ఎవరి పేర్లు?

బ్రాడీపేట_రావు: నరసరావుపేట దగ్గర మా ఊరికి ఆర్చి కడుతున్నాం. కృష్ణా డెల్టా నుంచి వచ్చి ఊరిని నిలబెట్టిన తొమ్మిది కుటుంబాల పేర్లు చెక్కిద్దామని నా మాట. సాగర్ నీళ్లు రాకముందు అక్కడ జొన్న, కంది తప్ప ఏముంది? మా తాత తెనాలి వైపు రెండెకరాలు అమ్మి ఇక్కడ పన్నెండు కొన్నాడు. 1966లో ఊళ్లో మొదటి వరి కోసింది ఆయనే.

మెట్టరైతు: 1966లోనా? ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. మీ తాత వరి కుండల్తో నీళ్లు మోసి పండించాడా అండీ?

బ్రాడీపేట_రావు: ఏడాది అటో ఇటో. విషయం అది కాదు.

మెట్టరైతు: అదే విషయం. రాయి మీద తప్పు చెక్కాక చెరుపుతారా? పైగా గేట్లెత్తిన మర్నాడే మన బోదెలోకి నీళ్లు రాలేదు. పిల్లకాలువలు తవ్వాలి, వాలు చూసి మడులు కట్టాలి. దానికెన్నేళ్లు పట్టిందో పెద్దవాళ్లనడగండి.

నాట్లమ్మ_మనవరాలు: మడులు కట్టినవాళ్ల పేర్లూ రాస్తారా? మా నాయనమ్మ తట్టల్తో మట్టి మోసి గట్లు వేసింది. వాన పడితే రేగడి కాళ్లకు పట్టి, తట్ట కన్నా కాళ్లే బరువయ్యేవట.

బ్రాడీపేట_రావు: కూలి ఇచ్చారు కదమ్మా.

నాట్లమ్మ_మనవరాలు: మీ తాత కూడా డబ్బిచ్చే కదా పొలం కొన్నాడు. ఆయన పేరెందుకు మరి?

పటమట_కుర్రాడు: ఆర్చి మానేసి ఆ డబ్బుతో డ్రైనేజీ కట్టండి బాబూ.

మెట్టరైతు: ఆ పన్నెండూ అమ్మింది మా తాతే, మా మేనత్త పెళ్లికి. బెజవాడ ఆనకట్ట 1855 నాటికే అయింది. మాకన్నా వందేళ్ల ముందు మీ డెల్టాకు కాలువ వచ్చింది కాబట్టే రెండెకరాలు అమ్మితే పన్నెండు వచ్చాయి. అందులో మీ కష్టమేముంది?

బ్రాడీపేట_రావు: 1955లో నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేసిన సంగతి మీ తాతకూ తెలుసు. నీళ్లొస్తాయో రావో తెలియక పాక వేసుకుని కూర్చున్నది మావాళ్లు. అమ్ముకుని ఇప్పుడు ఏడవడం దేనికి?

మెట్టరైతు: ఏడవట్లేదు బాబాయ్, ఆ పొలమే పదకొండేళ్లుగా కౌలుకు చేస్తున్నాను. ఇప్పటికి పోల్చుకున్నావా? 2019 చట్టం కింద కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డుకు పొలం యజమానిగా నీ సంతకం కావాలి. పదకొండు నెలల కార్డది, భూమి మీద హక్కు రాదని అందులోనే ఉంది. 2021లో మిరపకు నల్ల తామర పురుగు పట్టి మొత్తం పోతే, పరిహారం అడిగితే కార్డు లేదని నన్ను వెనక్కి పంపారు. ప్రభుత్వమిచ్చే రైతు సొమ్ము మాత్రం నీ ఖాతాలోనే పడుతోంది.

బ్రాడీపేట_రావు: నువ్వా? ఇలాంటివి నలుగురిలోనా మాట్లాడేది? ఫోన్ చెయ్యొచ్చుగా.

మెట్టరైతు: చేశాను బాబాయ్. ఎత్తలేదు.

పటమట_కుర్రాడు: ఇంతకీ 1967 అని దిద్దారా?